వరంగల్ నుంచి గోదావరి దాకా చెరువులు చూస్తూ వెళ్లాలంటే ఏ దారి మంచిది?

ఏటూరునాగారం దాకా కార్లో వెళ్తూ చెరువులు, వాగులు చూడాలనుకుంటున్నాం, ములుగు హైవే మీద నేరుగా వెళ్తే సరిపోతుందా అని అడిగారు. ఒక పూట ఎక్కువ తీసుకోగలిగితే నర్సంపేట మీదుగా వెళ్లండి. మా అత్తగారి ఊరు అటువైపే కాబట్టి ఈ దారిని నేను ఎండల్లోనూ ముసురులోనూ చూశాను.

నర్సంపేట నుంచి ఖానాపురం మీదుగా ముందు పాకాల వెళ్లండి. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు ఇది. చాలామంది కట్ట మీద ఫొటోలు దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం కట్ట మొదలు నుంచి చివరి దాకా నడవండి. రెండు గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూశారు, మిగతా పని గుట్టలకే వదిలేశారు. కాకతీయుల పనితనం అక్కడ కళ్లకు కడుతుంది. మత్తడి దుంకే రోజుల్లో, అంటే చెరువు నిండి అలుగు మీంచి నీళ్లు పొర్లే రోజుల్లో వెళ్తే ఇంకా మంచిది. ఆ నీళ్లే మున్నేరై ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తాయి.

వెనక్కి నర్సంపేట వచ్చి, నల్లబెల్లి మీదుగా మల్లంపల్లి దగ్గర ములుగు రోడ్డు ఎక్కాలి. బోర్డేమీ కనిపించదు గానీ, కృష్ణకు పోయే వాగులను వదిలి గోదావరికి పోయే వాగుల్లోకి వచ్చేది ఇక్కడే. ఈ దారి మీద నాకున్న ప్రేమకు కారణం కూడా అదే.

జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక గుడికి జనం బాగా పెరిగారు, పక్కనే ఉన్న చెరువు దాకా వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. దయచేసి వెళ్లండి. చల్వాయి దగ్గర కుడివైపు లక్నవరం చెరువు. పిల్లలుంటే వేలాడే వంతెన కోసమైనా ఆగాల్సిందే.

పస్రా, తాడ్వాయి దాటితే అడవి. చీకటి పడకముందే దాటేయండి. ఏటూరునాగారం అవతల ముల్లకట్ట వంతెన మీది నుంచి గోదావరిని చూడొచ్చు. టైముంటే మంగపేట మీదుగా బూర్గంపాడు రోడ్డు పట్టండి. ఎడమచేతి వైపు చేలు, వాటి వెనకాల గోదావరి. ఎండాకాలం మొదట్లో కారు అద్దాలు దించితే, కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు.

జులై, ఆగస్టుల్లో వెళ్తే జాగ్రత్త. 2023 జులైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిలో ప్రాణాలు పోయాయి. రోడ్డు మీద వాగు పారుతుంటే, ముందు లారీ దాటింది కదా అని మీరు దిగొద్దు. ఊళ్లో వాళ్లను అడగండి, వద్దంటే వెనక్కి తిరగండి.

వానలు తగ్గి చెరువులు నిండుగా ఉండే అక్టోబర్, నవంబర్ అన్నిటికన్నా మేలు. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి, పస్రా నుంచి బండి కదలదు.