లైటే ఎనిమోనీకి అసలు భోజనం, రొయ్య చిరుతిండి మాత్రమే

ప్రశ్న: ఉప్పునీళ్ల ట్యాంక్‌లో బబుల్ టిప్ ఎనిమోనీ (పువ్వులా కనిపించే సముద్రజీవి) పెట్టి రెండు నెలలైందండీ. రోజూ ఒక పచ్చి రొయ్య ఇస్తున్నా, ఇవ్వగానే లాక్కుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మర్నాడు పొద్దున్న చూస్తే తెల్లటి ముద్ద బయటికి కక్కేసి ఉంటోంది, సైజు కూడా తగ్గినట్టుంది. తిండి సరిపోవట్లేదా, ఇంకొంచెం పెంచమంటారా?

జవాబు: పెంచకండి బాబూ, ముందు ఆపండి. అది లాక్కుంటోంది కాబట్టి ఆకలేస్తోందని మీరనుకుంటున్నారు, అందరూ అనుకునేదే, నేనూ అనుకున్నా. దాని టెంటకిల్స్ (చేతుల్లాంటి మెత్తటి తంతువులు) నిండా కుట్టే కణాలుంటాయి, మాంసం వాసన ఉన్నదేదైనా తగిలితే చాలు అవి పేలి పట్టేసుకుంటాయి, ఆకలి అంతగా లేకపోయినా సరే. లోపలికెళ్లాక అరక్కపోతే అదే నోట్లోంచి బయటికొస్తుంది ఎందుకంటే దానికి నోరూ అదే, విసర్జించే దారీ అదే, వేరే తలుపు లేదు. మీరు చూస్తున్న తెల్ల ముద్ద అరగని రొయ్యే, చేత్తో తీసి వాసన చూడండి తెలిసిపోతుంది (తర్వాత చెయ్యి సబ్బుతో కడుక్కోండి, రెండుసార్లు). అప్పుడప్పుడు గోధుమరంగు పీచుల్లా వదుల్తుంది చూడండి, అది మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

అసలు విషయం ఏంటంటే దాని ఒంట్లో జూజాంథెల్లే అని సూక్ష్మమైన ఆల్గే (నాచు లాంటిది) కాపురముంటుంది, అది వెలుతురుతో చక్కెరలు తయారుచేసి దీనికి పెడుతుంది, రోజువారీ తిండి చాలావరకు అదే. అంటే మంచి రీఫ్ లైట్ (పగడాల ట్యాంకులకి వాడే గట్టి లైటు) రోజుకి 8 నుంచి 10 గంటలు వెలిగితే వంట అయిపోయినట్టే. మామూలు చేపల ట్యాంక్ లైటు కింద పెట్టి రొయ్యలు మేపితే మాత్రం, రోజూ పండక్కి పిలిచి అన్నం తప్ప అన్నీ వడ్డించినట్టుంటుంది.

కాబట్టి వారానికి ఒకసారి చాలు, మహా అయితే రెండుసార్లు. ముక్క దాని నోటికంటే చిన్నది, శనగగింజంత. ఫ్రోజెన్ అయితే పూర్తిగా కరగనిచ్చి ఆ నీళ్లు పారబోసి ఇవ్వండి. పంపులు ఒక పదినిమిషాలు ఆపి, పొడుగు పట్టకారుతో టెంటకిల్స్ మీద మెల్లగా ఆనించండి, నోట్లోకి కుక్కకండి. అప్పుడు చూడండి, ముందు రెండు మూడు అంటుకుంటాయి, తర్వాత పక్కనున్నవి కూడా ఒక్కొక్కటీ వంగి గుప్పిట మూసినట్టు మూసుకుంటాయి, నోరు పైకి ఉబ్బి దగ్గరికొస్తుంది, నిమిషాల మీద జరిగే పని, తొందరపడదు. ఈలోపు క్లీనర్ ష్రింప్ గానీ హెర్మిట్ పీత గానీ వచ్చి నోట్లో కూడు లాక్కుపోతాయి, వాటంత సిగ్గులేని జీవులు నేనెక్కడా చూళ్లేదు, ఏకంగా గొంతులో చెయ్యి పెట్టి లాగుతాయి. ప్లాస్టిక్ బాటిల్ అడుగు కోసేసి మూత తీసి, గంటలాగా దాని మీద బోర్లించండి, మింగేదాకా ఉంచి తీసేయండి.

ఇంకోటి, కక్కిన ముద్ద ట్యాంక్‌లో వదిలేయొద్దు, కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, అమ్మోనియా సున్నా ఉండాల్సిందే.

ప్రశ్న: షాపులో మల్లెపువ్వులా తెల్లగా ఉన్న ఎనిమోనీ చూసి ముచ్చటపడి తెచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లు జబ్బుదేమో అంటున్నారు, నిజమేనా?

జవాబు: పెద్దవాళ్లు కరెక్టే. ఇందాక చెప్పిన ఆల్గే వెళ్లిపోతే వచ్చే తెలుపు అది, బ్లీచింగ్ అంటారు. నిమ్మపండు పసుపు, గులాబీ రంగుల్లో మరీ మెరిసిపోతున్నవి ఉంటాయి చూడండి, వాటిలో కొన్నిటికి రంగు వేసి అమ్ముతారు, అవీ లోపల ఇలాంటివే. నోరు బిగుతుగా మూసుకుని, పాదం, అంటే రాయికి అతుక్కునే అడుగుభాగం, దేనికైనా గట్టిగా పట్టుకుని ఉంటే ఆశ ఉంది. నోరు వదులుగా తెరుచుకుని వేలాడుతూ, కంపు కొడుతుంటే వెంటనే బయటికి తీసేయండి, అది పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోతుంది.

దీనికి మాత్రం పైన చెప్పిన లెక్క తిరగేయాలి. వండిపెట్టే ఆల్గే లేదు కాబట్టి తిండి మనమే పెట్టాలి, మైసిస్ (బుల్లి రొయ్యల్లాంటివి) లాంటి చిన్న చిన్నవి వారానికి రెండు మూడుసార్లు. పాపం వెలుతురు కావాలి కదా అని లైటు ఫుల్లుగా పెట్టేస్తారు చూడండి, అది ఇంకా చంపుతుంది, తక్కువతో మొదలుపెట్టి వారాల మీద పెంచండి. ఉప్పు (స్పెసిఫిక్ గ్రావిటీ కొలతలో) 1.025 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీల్లో కదలకుండా ఉంచండి. నీరు ఆవిరైతే ఉప్పునీళ్లు కాదు, ఆర్వో మంచినీళ్లు పోయాలి, ఉప్పు ఆవిరవదు కదా. రాగి ఉన్న చేపల మందు ఆ ట్యాంక్‌లో చుక్క కూడా వద్దు. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: కొత్తగా పెట్టిన ఎనిమోనీ రాత్రికి రాత్రే రాయి వెనక్కి వెళ్లిపోయింది, పవర్‌హెడ్ (నీళ్లు లాగి తోసే పంపు) పక్కనే ఉంది. పీకి ముందుకి పెట్టొచ్చా?

జవాబు: పీకొద్దు. పాదం చిరిగితే తరచు ఇన్ఫెక్షన్ వచ్చి పోతుంది. ముందు ఇప్పుడే లేచెళ్లి ఆ పవర్‌హెడ్ ఆపి, దానికి జాలీ కానీ స్పాంజి కానీ తొడగండి, ఈ పేజీ తర్వాత చదువుకోవచ్చు. నేను రేపు తొడుగుదాంలే అనుకుని పడుకున్నా, పొద్దున్నకి అది పంపులో చిక్కుకుని ట్యాంక్ నీళ్లు పాలు కలిపినట్టున్నాయి, ఎనిమోనీ పోగా రెండు చేపలు కూడా పోయాయి.

అది నడిచేది నచ్చిన చోటు కోసం. పాదానికి ఒక పగులు, తలకి వెలుతురు, రెండూ దొరికేదాకా తిరుగుతుంది. తప్పక జరపాలంటే రాయి మొత్తం ఎత్తి పెట్టండి. ట్యాంక్ పెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే తిరగడం ఇంకా ఎక్కువుంటుంది, ఏడాది నిండిన ట్యాంక్‌లో పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎనిమోనీలో కాపురముంటుందంటారు కదా క్లౌన్ ఫిష్, మాది దాని దగ్గరికే పోవట్లేదండీ.

జవాబు: పోకపోతే పోనివ్వండి. మీది నారింజ రంగు ఆసెల్లారిస్ రకం అయితే సముద్రంలో దాని ఇల్లు బబుల్ టిప్ కాదు, మాగ్నిఫికా, కార్పెట్ రకాల ఎనిమోనీలు. ట్యాంక్‌లో కొన్ని సర్దుకుంటాయి, కొన్ని ఎనిమోనీని వదిలేసి హీటర్ పక్కన కాపురం పెడతాయి. చేరితే మాత్రం తమ తిండి తెచ్చి దానికి పెట్టేస్తుంటాయి, అప్పుడు మీరు పెట్టేది ఇంకా తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: ఒక ఎనిమోనీ ఎన్నేళ్లు బతుకుతుంది? మాది నిన్న సాగిపోయి రెండయినట్టుంది, చచ్చిపోతోందా?

జవాబు: స్కాట్లండ్‌లో జాన్ డేలియెల్ అనే ఆయన 1828లో సముద్రపు ఒడ్డున ఒకదాన్ని పట్టి గాజు సీసాలో పెంచారు, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది, దానికి గ్రానీ అని పేరు కూడా పెట్టారు. అది ఆల్గే లేని చల్లనీళ్ల రకం, మీదానికి లైటు లేకుండా ఆ పని కుదరదు.

రెండవడం చావు కాదండి, బబుల్ టిప్‌లు అలా నిలువునా చీలి రెండవుతాయి. ఒక్కోసారి నీళ్లలో తేడా వచ్చినా చీలతాయి కాబట్టి ఉప్పు ఒకసారి కొలుచుకోండి. రెండిటికీ చీలిన పక్క మానాలి, వారం పదిరోజులు ఏమీ పెట్టకండి, నోరు గుండ్రంగా కుదిరాక అప్పుడు శనగగింజలో సగమంత ముక్క.