సిరంజి నాజిల్ మొదట్లో కారడం గురించి

గాయం కడగడానికి సిరంజికి తగిలించేలా మీరు త్రీడీ ప్రింట్ చేసిన నాజిల్ మొదట్లోనే కారుతోందన్నారు. అది ప్లాస్టిక్ వల్ల కాదండీ, సిరంజి మూతి దూరే రంధ్రాన్ని వాలు లేకుండా తిన్నగా గీశారు, అందుకే గట్టిగా నొక్కగానే నీళ్లు పక్కల నుంచి చేతి మీదికి చిమ్ముతున్నాయి.

1. లూయర్ మూతికి (సిరంజిలకు ఉండే ప్రామాణిక మూతి) 6 శాతం టేపర్, అదే సన్నబడే వాలు, ఉంటుంది. అంటే 10 మి.మీ. లోతుకు వ్యాసం 0.6 మి.మీ. తగ్గాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: త్రీడీ ప్రింట్‌లో రంధ్రం గరుకుగా వస్తుంది. కాస్త ఇరుకుగానే ప్రింట్ చేసి, అదే వాలున్న టేపర్ రీమర్‌ను (రంధ్రాన్ని లోపల గీకి నున్నగా చేసే పనిముట్టు) చేత్తో నెమ్మదిగా తిప్పండి. విజయవాడలోనే ఉన్నారుగా, ఆ రీమర్ చేయించడానికి ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీకి డ్రాయింగ్ కాదు, సిరంజే చూపించండి, తొందరగా అర్థమవుతుంది.

3. ధార వచ్చే కొన రంధ్రం 0.7 మి.మీ. చాలు, 19 గేజ్ (సూది మందం కొలత) సూది లోపలి వ్యాసం దాదాపు అంతే. గాయం కడగడానికి 35 మి.లీ. సిరంజితో చెప్పే 8 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఆ సూదితోనే.

అతుకు చుట్టూ టిష్యూ చుట్టి, రంగు నీళ్లు నింపి నొక్కండి. మరక పడితే రీమర్ మళ్లీ తిప్పాలి.