పదిహేను రౌండ్లు పన్నెండు ఎందుకయ్యాయి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతూ బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. పూర్వం ప్రపంచ టైటిల్ పోటీలు 15 రౌండ్లు జరిగేవని, ఒక కొరియా బాక్సర్ చనిపోయాక తగ్గించారని వాడే చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. వాణ్ణి మాన్పించాలా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆ బాక్సర్ కిమ్ డుక్ కూ. 1982 నవంబర్ 13న లాస్ వెగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో, ఆరుబయట వేసిన రింగులో, డబ్ల్యూబీఏ (ప్రపంచ బాక్సింగ్ సంఘం) లైట్‌వెయిట్ అనే బరువు విభాగం టైటిల్ కోసం అమెరికా బాక్సర్ రే మాన్సినీతో తలపడ్డాడు. పోటీ ఏకపక్షం కాదు. మాన్సినీ చెవి చిరిగింది, ఎడమ కన్ను వాచిపోయింది. 14వ రౌండ్ మొదలవుతూనే మాన్సినీ కుడిచేతి దెబ్బకు కిమ్ వెల్లకిలా పడ్డాడు. తాళ్లు పట్టుకుని ఎలాగో లేచాడు. రిఫరీ రిచర్డ్ గ్రీన్ పోటీ ఆపేశాడు. అప్పటికి ఆ రౌండులో 19 సెకన్లే గడిచాయి. కాసేపటికే కిమ్ కోమాలోకి వెళ్లాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేసినా నాలుగు రోజులకు మించి బతకలేదు.

కొన్ని నెలలకే అతని తల్లి ప్రాణం తీసుకుంది. 1983 జూలైలో గ్రీన్ కూడా. గ్రీన్ మరణాన్ని ఈ పోటీతో ముడిపెట్టడం నాకు ఇష్టం లేదు. మాన్సినీకి అప్పుడు 21 ఏళ్లు. ఆ తర్వాత అతను ఎక్కడికి వెళ్లినా కిమ్ మరణం గురించే ప్రశ్న. కిమ్ చనిపోయేనాటికి అతను పెళ్లాడాల్సిన అమ్మాయి గర్భవతి. ఆ బిడ్డ పెద్దవాడై, 2011లో తల్లితో కలిసి అమెరికా వెళ్లి మాన్సినీని కలిశాడు. ఆ తల్లీకొడుకులది ఎంత పెద్ద మనసో!

టైటిల్ పోటీలు నడిపే మరో సంస్థ డబ్ల్యూబీసీ వెంటనే 12 రౌండ్లకు దిగింది. మిగతా సంస్థలు మరికొన్నేళ్లకు అదే దారి పట్టాయి. మంచి మార్పే. కానీ కోచ్‌గా నన్ను ఎక్కువ భయపెట్టేది రౌండ్ల లెక్క కాదు, తక్కువ బరువు విభాగంలో ఆడటానికి ఒళ్లెండబెట్టుకోవడం. కిమ్ కూడా ఆ పోటీకి ముందు బరువు దించడానికి నానా యాతన పడ్డాడు. మన పిల్లలూ తూకానికి ముందు నీళ్లు మానేసి, మందపాటి స్వెటర్లు తొడుక్కుని మైదానం చుట్టూ పరుగెత్తుతారు. కళ్లు లోపలికి పోయిన పిల్లవాణ్ణి నేను రింగు ఎక్కనివ్వను, పతకం పోతే పోనీ.

మాన్పించకండి. మీ అబ్బాయి ఆడేది మూడు రౌండ్ల ఆట, మీ ఊరి నిఖత్ జరీన్ ఆడేదీ అదే. అయితే కోచ్‌ను నేరుగా అడగండి: బరువు ఎలా దించుతారు, ప్రాక్టీసులో దెబ్బ తగిలితే ఎన్నాళ్లు ఆపుతారు? జవాబు దాటవేస్తే వేరే శిక్షణకేంద్రం చూడండి. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా, మత్తుగా పడుకుంటున్నా ‘పొద్దున చూద్దాం’ అనుకోకండి. ఆ రాత్రే మెదడు స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.