ఒకే రాత్రి, ఒకే కచేరీ, రెండుసార్లు

ప్రశ్న: పాతకాలపు అమెరికన్ రేడియో సంగీత వినోద కార్యక్రమాలను ఒకే రాత్రి రెండుసార్లు ప్రదర్శించేవారని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. తూర్పు, పడమటి తీరాల మధ్య మూడు గంటల తేడా ఉండటం, పెద్ద నెట్‌వర్కులు రికార్డు చేసిన కార్యక్రమాలను అంగీకరించకపోవడం వల్ల, చాలా కార్యక్రమాల్లో గాయకులు, వాద్యబృందం, హాస్యనటులు తొలి ప్రసారం ముగిసిన కొన్ని గంటలకే మళ్లీ మైకు ముందుకు వచ్చి అదే పాటను, అదే ఛలోక్తిని అంతే ఉత్సాహంతో వినిపించవలసి వచ్చేది. ఆ శ్రమకు తగిన గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

ఈ పద్ధతిని మార్చడంలో అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్‌బీది పెద్ద పాత్ర. 1936 నుంచి పదేళ్లు ‘క్రాఫ్ట్ మ్యూజిక్ హాల్’ అనే రేడియో కార్యక్రమాన్ని నడిపిన ఆయన, ముందుగా రికార్డు చేసే స్వేచ్ఛ కోసం 1946లో ఏబీసీ అనే మరో నెట్‌వర్కుకు మారారు. మొదట డిస్కులు వాడారు. అయితే ఒక డిస్కు నుంచి మరొకదానికి ఎక్కించేకొద్దీ ధ్వని నాణ్యత తగ్గి, ఆయన మృదువైన గొంతు మసకబారేది. 1947లో మాగ్నెటిక్ టేపు వచ్చాక, తప్పు దొర్లినచోట టేపును బ్లేడుతో కత్తిరించి, మంచి భాగాన్ని అతికించడం సాధ్యమైంది.