ఏదో ఒకటి పెట్టమంటే పెట్టలేని టీవీ

కేబుల్ కనెక్షన్ తీసేసి ఇక అంతా ఆన్‌లైన్‌లోనే చూద్దామనుకుంటున్నామని, ఇప్పటికే అలా మారినవాళ్ళ ఇళ్ళల్లో టీవీ చూసే పద్ధతి ఏం మారిందో చెప్పమని అడిగారు. మేం మారి చాలాకాలమే అయింది కాబట్టి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఈ విషయంలో ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఒకటే: "హాయిగా మనకి వీలైనప్పుడు చూసుకోవచ్చు." నిజమే గానీ, ఆ గొప్ప ఆన్‌లైన్ వీడియోకి ఇవ్వడం అన్యాయం. ఆ పని వీసీఆర్, అదే టీవీలో వచ్చేది క్యాసెట్‌లోకి ఎక్కించే మిషను, ఎప్పుడో చేసిపెట్టింది. అలాంటిదే సోనీ వాళ్ళ బీటామ్యాక్స్ వచ్చింది 1975లో. రాత్రి వచ్చే ప్రోగ్రాం రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం కాపీరైట్ దొంగతనమని హాలీవుడ్ స్టూడియోలు కోర్టుకెక్కితే, 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తప్పేం లేదు పొమ్మంది. యాడ్స్ తప్పించుకోవడం అంటారా, అది ఇంకా పాత ముచ్చట. 1955లో జెనిత్ కంపెనీ టార్చిలైట్‌లా వెలుగు కొట్టి పనిచేయించే రిమోట్ తెచ్చింది. విసిగించే యాడ్స్ నోరు కూర్చున్నచోటి నుంచే మూయించవచ్చన్నదే దాని ప్రచారం. టీవీ మీద ఎండ పడినా ఛానల్ మారిపోయేదట, అది వేరే సంగతి.

నన్నడిగితే ఆన్‌లైన్ వీడియో తెచ్చిన అసలు మార్పు ఇది: ఏం చూడాలో తేల్చే చాకిరీ ఇదివరకు ఛానల్ వాడు చేసేవాడు, ఇప్పుడది మన నెత్తిన పడింది. అది ఎంత చాకిరీయో మా మామయ్యగారు వచ్చినప్పుడు తెలిసొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం హాల్లో ఉన్నాం. ఆయన సోఫాలో సర్దుకుని కూర్చుని "ఏదో ఒకటి పెట్టమ్మా" అన్నారు. జీవితమంతా ఆయన టీవీ చూసింది అలాగే. స్విచ్ వేస్తే ఏదో ఒకటి వస్తూ ఉంటుంది, నచ్చకపోతే ఇంకోటి తిప్పుతారు. నేను యాప్ తెరిచాను. "ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది. కింద బొమ్మలతో మా నలుగురి పేర్లు.

"నేను చూస్తున్నానని చెప్పు" అన్నారాయన.

"ఇందులో మీ పేరు లేదు మామయ్యా."

"లేకపోతే చూడనివ్వదా?"

మా ఆయన పేరు మీద నొక్కి లోపలికి వెళ్ళాం. అక్కణ్ణుంచి వరస మీద వరస పోస్టర్లు. ఒక పోస్టరు మీద రెండు క్షణాలు ఆగానో లేదో, అది దానంతటదే కదిలి డైలాగులు చెప్పడం, ఫైటింగులు చేయడం మొదలుపెట్టేది. "ఆఁ, ఇది బాగుంది, ఉంచు" అనేవారు. అది సినిమా కాదు, ట్రైలర్ ముక్క అని చెప్పి పక్కకి జరిపేసరికి ఇంకోటి అరిచేది. "అదీ బాగానే ఉంది కదమ్మా, ఎందుకు తీసేస్తున్నావు?" నేను తీయడమేంటి, ఇంకా ఏదీ పెట్టందే! మా పెద్దాడు సాయం చేద్దామని "తాతయ్యా, మీకు ఏ జానర్ కావాలి?" అన్నాడు. ఆయన నా వైపు చూశారు. "కామెడీ కావాలా, థ్రిల్లర్ కావాలా, ఫ్యామిలీ కథ కావాలా అని అడుగుతున్నాడు" అన్నాను.

"చూస్తే కదా తెలిసేది" అన్నారు.

దానికి నా దగ్గరా జవాబు లేదు, యాప్ దగ్గరా లేదు.

చివరికి ఆయనే ఒక పాత సినిమా పేరు చెప్పారు. బాణం గుర్తులు నొక్కుకుంటూ ఒక్కో అక్షరం దగ్గరికీ పోయి పేరు కొట్టేలోపు (ఆ కీబోర్డు తయారుచేసినవాడి చేత రోజూ అందులోనే ఉత్తరాలు రాయించాలి) ఆయనకి ఓ చిన్న కునుకు కూడా పట్టింది. మొత్తానికి సినిమా దొరికింది. పక్కనే నిడివి వేశాడు, రెండున్నర గంటల పైమాటే. "అమ్మో, ఇప్పుడు మొదటి నుంచీ ఎవరు కూర్చుంటారు, వద్దులే" అన్నారు. అదే సినిమా ఏ ఛానల్లోనో సగంలో తగిలితే, యాడ్స్‌తో సహా శుభం కార్డు పడేదాకా ఈ మనిషి అక్కణ్ణుంచి కదలరని ఇంట్లో అందరికీ తెలుసు. ఈలోగా మా అమ్మాయి ఫోన్ తీసుకుని గదిలోకి పోయింది, పెద్దాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఓ మూల కూలబడ్డాడు. అంత పెద్ద టీవీ నిండా పోస్టర్లు, దాని ముందు రిమోట్ పట్టుకుని నేను.

కొత్త పద్ధతిలో మనం పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే, అది సగంలోంచి చూడటమే. వాడు హీరోనో విలనో తెలియదు, ఆ అమ్మాయి ఎందుకేడుస్తోందో తెలియదు, పక్కవాళ్ళని అడిగి తెలుసుకుంటూ చూసేసేవాళ్ళం. మొదటి అరగంటలో ఏం జరుగుతుందో ఈ రోజుకీ తెలియని సినిమాలు నాకు బోలెడు. వాటిలో కొన్నంటే ప్రాణం. పోస్టరు చూపించి ఎంచుకోమంటే వాటిలో ఒక్కటి కూడా ఎంచుకునేదాన్ని కాదు. ఎంచుకున్నామంటే ఇక దానికి మనదే పూచీ. ఛానల్లో చెత్త సినిమా వస్తే తిట్లు ఛానల్‌కి పోయేవి. ఇప్పుడు "ఎవరు పెట్టారిది?" అని ఇంటిల్లిపాదీ నా వైపు తిరుగుతారు. ఆ టెన్షన్‌కే సగంమంది ఇదివరకు పదిసార్లు చూసినదాన్నే మళ్ళీ పెట్టుకుంటారని నా గట్టి నమ్మకం.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి, కంపెనీలకీ తెలుసు. 2021 ఏప్రిల్లో నెట్‌ఫ్లిక్స్ "ప్లే సమ్‌థింగ్" అని ఒక బటన్ తెచ్చింది. నొక్కితే అదే ఏదో ఒకటి పెట్టేస్తుంది. అచ్చంగా మా మామయ్యగారి కోసం చేసినట్టే ఉండేది. 2023 వచ్చేసరికి పెద్దగా వాడకం లేదని తీసేశారు. ఎందుకు వాడలేదో నేను చెప్తాను: కొత్త సినిమా ఏది పెట్టినా మొదటి సీను నుంచే పెట్టేది! అంతకుముందు, 2020 చివర్లో, అదే కంపెనీ ఫ్రాన్స్‌లో "డైరెక్ట్" అని మామూలు టీవీ ఛానల్‌లాంటిదే నడిపి చూసింది. అందరికీ ఒకే టైంకి ఒకే ప్రోగ్రాం. ప్లూటో టీవీ అనే సంస్థ అయితే ఇంటర్నెట్‌లోనే ఛానళ్ళకి ఛానళ్ళు, యాడ్స్ వేసి ఉచితంగా నడిపింది. 2019లో వయాకామ్ అనే అమెరికా టీవీ, సినిమాల కంపెనీ దాన్ని 34 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. ఛానళ్ళ పీడ వదిలించుకుందామని ఇంటర్నెట్‌కి రావడం, వచ్చాక అక్కడా ఛానళ్ళే పెట్టుకోవడం! యాడ్స్ సంగతీ అంతే. 2022 నవంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా యాడ్స్ వచ్చే ప్లాన్ పెట్టింది. కేబుల్ తీయించే ముందు "ఇక మన ఇంట్లో యాడ్ అన్నదే కనబడదు" అని మా ఆయన ఇచ్చిన ఉపన్యాసం నేనింకా మర్చిపోలేదు.

మామయ్యగారి సంగతికొస్తే, మర్నాడు పొద్దున ఆయనే రిమోట్‌లో మైకు గుర్తు నొక్కి ఏదో అడిగారు. యూట్యూబ్ తెరుచుకుంది. ఎవరో ఆగిపోయిన గోడగడియారం విప్పి బాగుచేస్తున్నాడు. అది అయిపోగానే దానంతటదే ఇంకోటి, తుప్పు పట్టిన తాళం. తర్వాత పాత కుట్టుమిషను. ఆయన ఏదీ ఎంచుకోలేదు. నేను వెళ్ళి చూసేసరికి కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని, మిషను చక్రం కిరోసిన్‌లో నానబెడుతున్నవాడితో మాట్లాడుతున్నారు: "ఆ స్క్రూ అటు పక్కన పెట్టావు, బిగించేటప్పుడు వెతుక్కుంటావు చూడు." మధ్యలో ఒకసారి బొమ్మ ఆగి, చూడటం కొనసాగించాలా అని అడిగింది. "ఆఁ" అన్నారు గట్టిగా. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా అన్నారు. అప్పుడు నన్ను పిలిచారు.

"ఇదేం ఛానలమ్మా? బాగుంది."

ఆన్‌లైన్ వీడియో అంటే ఫోన్‌లో చూసుకునే చిన్న ముక్కలు అనుకునేవాళ్ళు ఇక ఆ మాట మానుకోవాలి. అమెరికాలో టీవీ సెట్ మీద ఎవరు ఏం చూస్తున్నారో లెక్కలు తీసే నీల్సన్ ప్రకారం, 2022 జులైలో స్ట్రీమింగ్, అంటే ఇలా ఇంటర్నెట్‌లో చూడటం, మొదటిసారి కేబుల్‌ని దాటింది. 2025 మే నెలకి కేబుల్, మామూలు ప్రసార ఛానళ్ళు రెండూ కలిపినా దానికి అందలేదు, స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం. అందులో యూట్యూబ్ ఒక్కటే 12.5 శాతం, నెట్‌ఫ్లిక్స్ కన్నా ఎక్కువ. 2005లో ఏనుగుల ముందు నిలబడి ఒకబ్బాయి మాట్లాడిన 19 సెకన్ల వీడియోతో మొదలైన సైటు అది! దీనికి నిపుణులు ఏవేవో కారణాలు చెప్తారు గానీ, నాకు కనబడేది ఒక్కటే. అది మనల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేయదు. ఒకటి అయిపోతే ఇంకోటి పెట్టేస్తుంది. కాకపోతే మన పాత చూపులు చూసి పెడుతుంది, అదీ దాని జబ్బు. మామయ్యగారు ఊరెళ్ళిపోయినా మా ఆయన అకౌంట్‌లో మాత్రం తుప్పు తాళాలు పోలేదు.

లైవ్ మ్యాచ్‌ల సంగతి కూడా ముందే తెలుసుకోండి, ఎవరూ చెప్పరు. ఆన్‌లైన్‌లో లైవ్ అంటే వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి పంపుతారు. నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగకుండా ఉండాలని మన యాప్ కొన్ని ముక్కలు పోగేసుకున్నాకే చూపించడం మొదలుపెడుతుంది. అందుకే కేబుల్ కన్నా అర నిమిషం దాకా వెనకబడటం మామూలే. ఫైనల్ రోజు పక్కింట్లో కేకలు మొదలైపోయాయి, మా టీవీలో ఆటగాడు ఇంకా వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. మా ఆయన లేచి కిటికీలన్నీ మూసొచ్చారు. కూర్చునేలోపు ఆఫీసు గ్రూపులో ఫలితం వచ్చి పడింది.

ఇంకొకటి, కలిసి చూడటం. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ఒక సిరీస్ 13 ఎపిసోడ్లూ ఒకేసారి వదిలిపెట్టింది. ఒకేసారి వదలడం అలవాటయ్యాక ఎవరు ఎక్కడిదాకా చూశారో ఎవరికీ తెలియదు. ఏదైనా కదిపితే "చెప్పకు, చెప్పకు" అని చెవులు మూసుకోవడమే. మా అమ్మాయి నాతో కలిసి మొదలుపెట్టిన ఒక హత్య కథని రాత్రికి రాత్రి ఒక్కతే పూర్తిచేసేసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు నా పక్కన కూర్చుంది. తలుపు చప్పుడు కాగానే నాకు గుండె దడదడలాడుతోంటే అది తాపీగా గోళ్ళు చూసుకుంటోంది. అక్కడే దొరికిపోయింది. 2019లో డిస్నీ ప్లస్ వచ్చి తన సిరీస్‌లు మళ్ళీ వారానికొక ఎపిసోడ్ చొప్పున ఇచ్చినప్పుడు మా ఇంట్లో సంతోషించింది నేనొక్కదాన్నే.

ఇక మీరు కేబుల్ తీసేయాలా వద్దా అన్నది, ఇంట్లో "ఏదో ఒకటి పెట్టు" అనే మనిషి ఉన్నారా లేరా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. లేకపోతే నిక్షేపంలా తీసేయండి. ఉంటే ముందు వాళ్ళ పేరుతో ఒక ప్రొఫైల్ పెట్టండి. రిమోట్‌లో మైకు బటన్ ఎక్కడుందో చూపించండి, పెద్దవాళ్ళకి అక్షరాలు కొట్టడం కన్నా అదే నయం. నెట్‌ఫ్లిక్స్ వాడేటట్టయితే, పోస్టరు మీద ఆగగానే ట్రైలర్ మోగకుండా ఆపుకునే వీలు 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. ప్రొఫైల్ సెట్టింగుల్లో ఆటోప్లే దగ్గర రెండు టిక్కులుంటాయి. ప్రివ్యూలది తీసేయండి. తర్వాతి ఎపిసోడ్‌ది మాత్రం ముట్టుకోకండి, అది తీసేశారంటే ఎపిసోడ్ అయిపోయిన ప్రతిసారీ మిమ్మల్నే పిలుస్తారు.