ఇంగ్లిష్ సాహిత్యం తీసుకోమంటూ మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

పన్నెండో తరగతిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే) ఇంగ్లిష్ లిటరేచర్ కోర్సు తీసుకోవాలా, దాని బదులు ఇంకో కంప్యూటర్ కోర్సు పెట్టుకోవాలా అని అడిగావు. లిటరేచరే తీసుకో. "కథలు చదివితే ఏమొస్తుంది" అని మీ నాన్న అన్నాడని కూడా రాశావు. మా తమ్ముడు గైడులోని తాత్పర్యాలు బట్టీపట్టి తెలుగు పరీక్షలు గట్టెక్కినవాడు. ఆ మాట అనకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

ముందు పరీక్ష సంగతి చెబుతాను. మే నెలలో జరుగుతుంది, మూడు గంటలు. మొదటి గంటలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటికి 45 శాతం. మిగతా రెండు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి: ఒకటి వాళ్లిచ్చిన కవిత మీద, ఒకటి వాళ్లిచ్చిన కథాభాగం మీద, మూడోది నువ్వు చదివిన నవలో నాటకమో ఎంచుకుని దాని మీద. వ్యాసానికి 6 పాయింట్లు. నీ వాదమేమిటో సూటిగా చెప్పినందుకు 1. మూలంలోంచి ఆధారాలు తీసి, అవి ఆ వాదాన్ని ఎలా నిలబెడుతున్నాయో వివరించినందుకు 4. ఆలోచనలోని లోతుకు 1. ఈ చివరిది అరుదుగా వస్తుంది, దాని వెంట పడి పెద్ద పెద్ద మాటలు వాడవద్దు.

ఆ నాలుగు పాయింట్ల దగ్గరే మన పిల్లలు దెబ్బతింటారు. న్యూజెర్సీ హైస్కూల్లో టీచరుగా ఏళ్ల తరబడి చూశాను. వ్యాకరణం తప్పు పోదు, చేతినిండా మాటలుంటాయి, అయినా రాసేది కథే. ఎవరు వచ్చారు, ఏమన్నారు, చివరికి ఏమైంది. అంటే తాత్పర్యం. మేం చదువుకునే రోజుల్లో తెలుగు పరీక్షలో అలంకారాన్ని గుర్తించి, లక్షణం రాసి, సమన్వయం చేయమనేవారు. ఉపమాలంకారం అని పేరు పెట్టి వదిలేస్తే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఉపమేయమేది, ఉపమానమేది, రెండింటికీ సమానధర్మమేది, అవి ఈ పాదంలో ఎక్కడున్నాయో చూపించాలి. నువ్వు సంపాదించాల్సిన నాలుగు పాయింట్లూ సమన్వయానివే.

ఒక కథాభాగం ఇచ్చారనుకో. తండ్రి అంత్యక్రియలు ముగించుకుని ఇంటికొచ్చిన కొడుకు, చెప్పులైనా విప్పకుండా గోడ గడియారానికి కీ ఇస్తాడు. ఒక విద్యార్థి రాస్తాడు: "అతను దుఃఖంలో ఉన్నాడు. గడియారం కాలానికి ప్రతీక." రెండూ తప్పు కావు, రెండింటి వల్లా ప్రయోజనం లేదు. ఇంకో విద్యార్థి రెండు పేరాలు వెనక్కి వెళ్లి, తండ్రి ప్రతి ఆదివారం మాత్రమే కీ ఇచ్చేవాడని, ఇవాళ బుధవారమని గమనిస్తుంది. గడియారం ఆగిపోలేదు, ఆగిపోయే సమయమూ రాలేదు. మరి కొడుక్కి ఆ తొందర ఎందుకు? తండ్రి స్థానంలోకి ఆత్రంగా అడుగుపెడుతున్నాడని ఆమె వాదించవచ్చు. ఇంట్లో ఇంకొకటి కూడా ఆగిపోతుందేమోనన్న భయమని వాదించవచ్చు. దేన్ని ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ బుధవారాన్ని పట్టుకుందా లేదా అన్నదే నేను చూసేది.

మీ నాన్న ప్రశ్నకు నా జవాబూ ఇదే. లెక్క తప్పితే పుస్తకం చివరి పేజీ చెబుతుంది, ప్రోగ్రాం తప్పితే కంప్యూటరే మొరాయిస్తుంది. రేపు ఒక ఒప్పంద పత్రమో, నాయకుడి ప్రసంగమో, పై అధికారి పంపిన మర్యాదైన మెయిలో నీ ముందుకొస్తే, అందులో ఏముందో, ఏది కావాలని వదిలేశారో నువ్వే తేల్చుకోవాలి. నీకిలా అనిపించిందంటే సరిపోదు, ఏ మాట వల్ల అనిపించిందో చూపించాలి. నీ టైంటేబుల్లో ఆ పని నేర్పే క్లాసు ఇంకొకటి నాకు కనబడలేదు. ఈ పరీక్ష స్కోరు చూసి, ఆ కోర్సు చదివేసినట్టే లెక్కగట్టి కాలేజీలు ఇచ్చే క్రెడిట్ల సంగతంటావా, 5కి గాను కొన్ని కాలేజీలు 3 వస్తే ఇస్తాయి, కొన్ని 4 గానీ 5 గానీ అడుగుతాయి, కొన్ని అసలే ఇవ్వవు. దాని కోసమైతే మాత్రం తీసుకోవద్దు.

ఎలా చదవాలంటే, కవితను మొదట పైకి చదువు. పంక్తి చివర కాకుండా విరామ చిహ్నం ఉన్నచోట ఆగు. పదిహేడో శతాబ్దపు కవితల్లో కర్త ఒకచోట, క్రియ నాలుగు పంక్తుల అవతల ఉంటాయి. పద్యానికి అన్వయం చేసుకున్నట్టే వాటిని కలుపుకున్నాకే అర్థం జోలికి వెళ్లు. మూడో వ్యాసం కోసం ఇరవై పుస్తకాలు అక్కర్లేదు. ఈ పరీక్ష పెట్టే సంస్థ కాలేజ్ బోర్డు ఫలానావి చదివి తీరాలని పెట్టలేదు కూడా. నాలుగు పుస్తకాలు క్షుణ్ణంగా, రెండేసి సార్లు చదువు. ఇంటర్నెట్‌లో దొరికే సారాంశాలు, చాట్‌బాట్ రాసిచ్చే వ్యాసాలు మీ నాన్న గైడు లాంటివే. 2025 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి కనుక నలభై నిమిషాలు గడియారం పెట్టుకుని టైపు చేయడం అలవాటు చేసుకో. పుస్తకం మీద మాత్రం పెన్సిల్ ఉండాలి.

ఒక షరతు. ఫిజిక్స్, కాలిక్యులస్, కంప్యూటర్ సైన్స్ అన్నీ పెట్టుకుని దీన్ని కూడా నెత్తినేసుకుని రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటానంటే నేను ఒప్పుకోను, ఏదో ఒకటి వదులుకో. ఈ ఏడాది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లోనే ఇంగ్లిష్ లాంగ్వేజ్ (వ్యాసరచన నేర్పే) కోర్సు చేస్తున్నావు కదా, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కాలేజీ దరఖాస్తులో 650 పదాలకు మించకుండా రాయాల్సిన వ్యాసానికి నీకు అక్కరకొచ్చేది అదే. ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబరు 1. అప్పటికి లిటరేచర్ క్లాసు మొదలై రెండు నెలలైనా కాదు.

కోర్సుల ఫారం మీద మీ నాన్న సంతకం పెట్టనంటే నాకు ఫోన్ చేయమను. వేసవికి టీచరు చదవమని ఇచ్చే పుస్తకాలను ఆగస్టు దాకా నాన్చకుండా జూన్‌లోనే మొదలుపెట్టు. నీ మొదటి వ్యాసం నాకు పంపు, ఎర్ర పెన్ను ఇంకా పారేయలేదు.

ప్రేమతో,
అత్తయ్య