బుజ్జీ, ఆ మందు మాత్రం కొనకు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. మీరు కొన్న ఇంట్లో ఎలుకలు తిరుగుతున్నాయట, ఈ ఆదివారం నువ్వూ అల్లుడబ్బాయీ కలిసి ఇల్లంతా మందు పెట్టేద్దామనుకుంటున్నారట. ఇంత చిన్న వయసులో గుంటూరు బ్రాడీపేటలో సొంతిల్లు కొనుక్కున్నారు, ఎవరినీ దేవిరించకుండా మీ పనులు మీరే చేసుకుంటున్నారు. ఇక్కడ రేపల్లెలో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను. కానీ మీ అమ్మ నోట 'మందు' అనే మాట వినగానే గుండె ఝల్లుమంది. అది పాకే పిల్లాడు ఉన్న ఇల్లమ్మా. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. శనివారం లోపు మొత్తం చదువు.

ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వంటింట్లోకి వెళ్ళి గ్యాసు పైపు చూడు. సిలిండర్ ముందుకు జరిపి, ఫోన్ లైటు వేసి, రెగ్యులేటర్ దగ్గర నుంచి పొయ్యి దాకా పైపు మొత్తం చేత్తో తడిమి చూడు. ఎలుక పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరకాల్సిందే. మెత్తటి రబ్బరు దొరికితే వదలదు. ఒక్క గాటు కనపడినా పైపు మార్చేయండి. లోపల తీగ అల్లిక ఉండే నారింజ రంగు సురక్ష పైపే తీసుకోండి. గాటు లేకపోయినా దాన్ని అయిదేళ్ళకోసారి మార్చాలి, పైపు మీద తేదీ ఉంటుంది. మీకు ఇల్లు అమ్మినవాళ్ళు ఎప్పుడు మార్చారో ఎవరికి తెలుసు? పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయడం రోజూ అలవాటు చేసుకో. ఫ్రిజ్ వెనక వైర్లు కూడా ఒకసారి చూడండి.

ఇక వచ్చింది ఏ ఎలుకో తెలుసుకోవాలి. పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. బియ్యపు గింజంత సన్నగా ఉంటే చిట్టెలుక. వేలి గోరంత లావుగా ఉంటే పెద్ద ఎలుక, అది అటక మీదికీ, కరెంటు వైర్ల మీదికీ ఎక్కుతుంది. పెరట్లో మట్టి కుప్పలుగా తోడి ఉంటే పందికొక్కు. మూతి పొడుగ్గా ఉండి, కీచుమంటూ గోడ వారనే పరిగెత్తి, వెళ్ళిన చోటల్లా కంపు వదిలేది చుంచు. అది అసలు ఎలుక జాతే కాదు, బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది. దాన్ని చంపకు, తలుపు తీస్తే తనే పోతుంది.

మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి మీ ఇంట్లోవి చిట్టెలుకలే. చిన్నవే కదా అని తేలిగ్గా తీసుకోకు. మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి అయిదారు పిల్లలు. ఆ పిల్లలు నెలన్నర తిరిగేసరికి చూలు కట్టడానికి సిద్ధమవుతాయి. అందుకే ఏం చేసినా ఈ వారంలోనే చేయాలి. సరైన పని చేయాలి.

చిన్నప్పుడు మా పొలంలో ఎలుకలు పడితే మీ తాతయ్య ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళని పిలిపించేవారు. యానాది కుటుంబాల వాళ్ళు వెదురు బుట్టలు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు, పట్టిన ఎలుకకి ఇంత అని డబ్బులు. మీ అమ్మా నేనూ గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. వచ్చినాయన ఎలుక కోసం వెతికేవాడు కాదు. పొద్దున్నే మంచు ఆరకముందు గట్టంతా నడిచి కన్నాలు చూసేవాడు. ఏ కన్నం ముందు మట్టి కొత్తగా ఉంది, ఏ కన్నానికి సాలెగూడు పట్టింది, వంగి వాసన కూడా చూసేవాడు. అన్ని కన్నాలూ మట్టితో మూసి, ఒక్కటి వదిలి, అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కుక్కి నిప్పు అంటించి, కుండ మూతి కన్నానికి ఆనించి పొగ ఊదేవాడు. కాసేపటికి మట్టి తవ్వితే ఒక్కొక్కటీ చేతికొచ్చేది. కలుగులో అడుగున ఎలుకలు దాచుకున్న వరి కంకులు కూడా తీసి మూట కట్టుకునేవాడు. "పాపా, కన్నం దొరికితే ఎలుక దొరికినట్టే" అనేవాడు మాతో. నేను ఇన్ని ఇళ్ళు మారాను, ఇంతకు మించిన ఉపాయం నాకు ఎక్కడా దొరకలేదు.

కాబట్టి శనివారం రాత్రి వంటిల్లు సర్దేశాక, గోడ వారగా, సింకు కింద, సిలిండర్ వెనక, పొడి ముగ్గుపిండి పల్చగా చల్లు. పిల్లాడు లేచేలోపే చూసి తుడిచేయాలి సుమా. పొద్దున ఆ పిండిలో చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక గీసిన గీత కనపడతాయి. ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడే కన్నం ఉంటుంది. పెన్సిల్ పట్టే సందు చాలు చిట్టెలుకకి. సింకు పైపు గోడలోకి వెళ్ళే చోటు, ఏసీ పైపు చిల్లు, తలుపు కింద సందు, స్నానాల గది తూము, ఇవన్నీ చూడండి. తూముకి ఇనుప జాలీ బిగించండి. తలుపు కింద రేకు కొట్టించండి. మిగతా కన్నాల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు పెట్టండి. పూర్వం గాజు పెంకులు నూరి సిమెంటులో కలిపేవాళ్ళు, మీ ఇంట్లో పసివాడు ఉన్నాడు కనుక అది వద్దు. గుడ్డ ముక్కలు, థర్మోకోల్, కాగితాలు కుక్కితే ఒక్క రాత్రిలో కొరికేసి వాటితోనే గూడు కట్టుకుంటుంది.

తిండి సంగతి నీకు తెలిసిందే. బియ్యం, పప్పులు మూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి, రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు ఉండకూడదు, చెత్తబుట్ట బయటికి.

బోను పెట్టడం చాలామందికి రాదు. గది మధ్యలో పెట్టి పడలేదంటారు. ఎలుక గోడని ఆనుకునే నడుస్తుంది, కాబట్టి బోను నోరు గోడ వారకి ఉండాలి. చిట్టెలుకలకి ఒక్క బోను చాలదు, నాలుగైదు పెట్టాలి, అవి గూడు వదిలి ఎక్కువ దూరం పోవు. ఎర ఎక్కువ పెట్టకు. వేయించిన పల్లీ నూరి బెల్లంతో ముద్ద చేసి బఠాణీ గింజంత పెడితే చాలు. ఎండుకొబ్బరి ముక్క మంట మీద కాల్చి, ఆ వాసన మీదే దారంతో కొక్కేనికి కట్టినా వస్తుంది. కట్టకపోతే లాక్కుని పోతుంది. ఒకవేళ పెద్ద ఎలుక అయితే అది కొత్త వస్తువుని చూసి భయపడుతుంది, మూడు నాలుగు రోజులు తలుపు పడకుండా కట్టేసి ఎర ఊరికే తిననివ్వండి, తరవాత తలుపు వదలండి. టెన్షన్ పడకుండా ఓపిక పట్టాలి. పిల్లాడు పగలు తిరిగే చోట బోను ఉంచకు, ముఖ్యంగా స్ప్రింగు కొట్టే చెక్క బోను.

జిగురు అట్టలు తేవద్దు బుజ్జీ. చవగ్గా వస్తాయి, ప్రతి కిరాణా కొట్లోనూ వేలాడుతుంటాయి. నేను ఒక్కసారి చూశాను, మా పనమ్మాయి వాళ్ళింట్లో. అట్టకి అంటుకున్న ఎలుక తెల్లవార్లూ అరిచింది. పొద్దున చూస్తే ఒక కాలి చర్మం ఊడి అట్టకే ఉండిపోయింది, కళ్ళు తెరుచుకుని ఇంకా గాలి పీలుస్తోంది. మన ఇంట్లో ఉండొద్దు సరే, అలా మాత్రం ఏ ప్రాణీ చావకూడదు. మీ అత్తగారు వినాయకుడి వాహనం అని బాధపడితే ఆవిణ్ణి విసుక్కోకు. కన్నాలు మూసేస్తున్నామని, కొత్తవి రాకుండా చూసుకుంటే చంపాల్సిన అవసరం కూడా తగ్గుతుందని నెమ్మదిగా చెప్పు. ఆవిడ మాటలో న్యాయం ఉంది.

ఇప్పుడు మందు సంగతి. ఇది చదివేటప్పుడు పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో.

మీ పెదనాన్నకి ఒంగోలు బదిలీ అయినప్పుడు మేం ఒక కాంపౌండ్‌లో అద్దెకి ఉండేవాళ్ళం. పక్క వాటాలో భార్యాభర్తలు, ఆయన తల్లి. మామ్మగారు అనేవాళ్ళం అందరం. కంటికి శుక్లాలు, అయినా పొద్దున్నే లేచి తన పనులు తనే చేసుకునేది. వాళ్ళింట్లో ఎలుకలు పడితే ఆయన పేస్టు మందు తెచ్చాడు. టమాటా ముక్కల మీద రాసి మూలల్లో పెట్టాడు. చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు, మిగిలిన ముక్కలు జాగ్రత్తగా పారేశాడు. ట్యూబు మూత బిగించి, ఇంకోసారి పనికొస్తుందని స్నానాల గది గూట్లో పెట్టాడు. పళ్ళపొడి, టూత్‌పేస్టు, సబ్బు అన్నీ ఉండే గూడు అది.

తెల్లవారుజామున కరెంటు లేదు. మామ్మగారు గూట్లోంచి చేతికందిన ట్యూబు తీసి పళ్ళు తోముకుంది. నోరు మండిందని, వెల్లుల్లి కంపు కొట్టిందని ఉమ్మేసి కేకేసింది. కోడలు పరుగెత్తుకుని వచ్చి పుక్కిలింపించింది. రెండు మూడు సార్లు వాంతులయ్యాయి. సాయంత్రానికి తగ్గిపోయాయి. మర్నాడు మామూలుగా మజ్జిగన్నం తిని, మెట్ల మీద నా పక్కన కూర్చుని గోంగూర వలిచింది. "ఏం కాలేదమ్మా, ఊరికే కంగారు పడ్డాం" అంది. ఇంట్లో వాళ్ళూ అదే అనుకున్నారు.

ఆ తరవాత కళ్ళు పచ్చబడ్డాయి. చిగుళ్ళ నుంచి రక్తం. మనిషిని గుర్తుపట్టడం మానేసింది. గుంటూరు తీసుకెళ్ళారు. కాలేయం పాడైపోయిందని, లోపలికి పోయిన రోజే తీసుకురావాల్సిందని డాక్టర్లు చెప్పారట. ఆ పేస్టులో ఉండేది పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్). దానికి విరుగుడు లేదు. మొదటి రోజు వాంతులు, ఆ తరవాత ఒకటి రెండు రోజులు ఏమీ లేనట్టే ఉండటం, ఆ పైన కాలేయం దెబ్బతినడం, అది పనిచేసే తీరే అంత. మధ్యలో బాగున్న ఆ రోజే మనుషుల్ని మోసం చేస్తుంది. మామ్మగారు ఇంటికి తిరిగి రాలేదు. ఆయన చాలాకాలం ఎవరు కనపడినా అదే చెప్పేవాడు: "రెండో రోజు బాగుందండీ, గోంగూర కూడా వలిచింది."

ఆయన చెడ్డవాడు కాదు, నిర్లక్ష్యం మనిషీ కాదు. చేతులు కడుక్కున్నాడని చెప్పానుగా. ట్యూబు ఇంట్లో ఉంచుకోవడమే ఆయన చేసిన తప్పు. మీ ఇంట్లో కూడా గూళ్ళు ఉన్నాయి, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వాడు ఉన్నాడు.

పేస్టు కాదు, కేకులు తెస్తామంటావేమో. రంగురంగుల బిళ్ళలు, చాక్లెట్‌లా ఉంటాయి. అవి రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. ఎలుక చావడానికి రోజులు పడుతుంది, అటక మీదో గోడ సందులోనో చచ్చి ఇల్లంతా కంపు. నల్లపొడి మందు ఇంకో రకం, అది కడుపులో విషపు గ్యాసు పుట్టిస్తుంది. అన్నిటికంటే భయంకరమైనవి గోదాముల్లో ధాన్యానికి పెట్టే బిళ్ళలు. వాటిని మామూలు మనుషులకి అమ్మకూడదు, అయినా ఎవరో తెలిసినవాళ్ళు తెచ్చిస్తామంటారు. ఇంట్లో పెడితే వాటి గ్యాసుకి పక్క గదిలో పడుకున్న పిల్లలు కూడా పోయారు. ఇంటి గడప దాటనివ్వకు. కలరా ఉండలు కూడా చల్లకు, పిల్లాడు పిప్పరమెంటు అనుకుంటాడు. పెరట్లో పందికొక్కులు ఉండి తప్పనిసరి అయితే, పని తెలిసినవాళ్ళని పిలిచి, తాళం వేసే పెట్టెల్లో, ప్రహరీ బయట పెట్టించండి.

దేవుడి దయవల్ల ఎప్పటికీ అవసరం రాకూడదు, కానీ రాస్తున్నాను. ఎవరి నోట్లోకైనా పోయిందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకు, పాలు పట్టకు, ఉప్పునీళ్ళు పట్టకు. 108కి ఫోన్ చెయ్యి, ప్యాకెట్టో ట్యూబో చేత్తో పట్టుకుని వెళ్ళు. ఏ మందో తెలిస్తేనే వైద్యం. కేకులకైతే విటమిన్ కె ఉంది. మనిషి బాగానే కనపడుతున్నాడని ఆగిపోకూడదు.

పెంటికలు పొడిగా చీపురుతో ఊడవకు, ఆ దుమ్ము పీల్చకూడదు. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, గ్లౌజులు వేసుకుని తడి గుడ్డతో తీసేయి. ఆ కాసేపు పిల్లాణ్ణి మీ అత్తగారి దగ్గర ఉంచు. కాలికి పుండో గాటో ఉంటే చెప్పుల్లేకుండా ఆ గదిలోకి వెళ్ళకు, ఎలుక మూత్రం నుంచి జ్వరాలు వస్తాయి. మనకి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరిమేస్తాయంటూ ప్లగ్గు మిషన్లు అమ్ముతున్నారట, ఆ డబ్బు జాలీకి పెట్టుకోండి.

ఇంకొక్క మాట, అబ్బాయికి చదివి వినిపించు. పట్టిన ఎలుకని తీసుకెళ్ళి పక్క లైనులో వదిలేసి రావద్దు నాయనా, అది మీ ఇంటికన్నా తిరిగొస్తుంది, లేకపోతే ఇంకో పసిపిల్లలున్న ఇంట్లో దూరుతుంది.

మా ఇంట్లో పాత ఇనుప బోనులు రెండు ఉన్నాయి, స్ప్రింగులు ఇప్పటికీ గట్టివే. కానీ వాటి చువ్వల మధ్య నుంచి చిట్టెలుక జారిపోతుంది, సన్న జాలీ చుట్టించి శుక్రవారం బస్సులో మీ తమ్ముడితో పంపిస్తాను. నువ్వు సిమెంటు బస్తా కొనకు, అయిదు కిలోల ప్యాకెట్టు చాలు. స్టీలు పీచు మాత్రం ఎక్కువే తీసుకో, మీ ఇంటికి నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ కన్నాలే ఉంటాయి. పల్లీ ముద్దలో బెల్లం తగ్గించు, చీమలు పడతాయి. ఇంతకీ గ్యాసు పైపు చూశావా? చూసి తేదీ ఏముందో నాకు ఫోటో పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ